విభూతి దర్శనము - గిరిప్రదక్షిణము

జగత్తు పరమాత్మకు శరీరము. పరమాత్మ జగత్తునకు ఆత్మ. భగవద్రామానుజుల సిద్ధాంతమునకు ఇదియే మూలస్తంభము. భూమి, జలము, వాయువు మొదలగువాని లోపలనుండి వానిని నియమించువాడు ఆయనయే యని బృహదారణ్యకమందలి అంతర్యామి బ్రాహ్మణము బోధించుచున్నది. స్థావరములలో హిమవంతుడను, జలాశయములలో సముద్రుడను తానేయని శ్రీకృష్ణుడు గీత పదవ అధ్యాయమున తెలిపెను.

అయినచో కొండను, కడలిని నిత్యము చూచుచున్న విశాఖవాసులమగు మనకు ఆయన ఏల కనబడడు?

దీనికి సమాధానము సింహాచల క్షేత్రముననే కలదు. శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరమంతయు చందనము ధరించి యుండును. నిజరూప దర్శనము వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే. తక్కిన దినములలో వచ్చినవారెవ్వరును చందనమును చూచి వచ్చితిమని చెప్పరు. స్వామిని సేవించి వచ్చితిమనియే చెప్పుదురు. ప్రకృతియు స్వామి ధరించిన చందనము వంటిదే. పైపూతను మాత్రమే చూచువానికి అది రాయి, నీరు, చెట్టు. ధరించినవానిని తలచుకొని చూచువానికి అది భగవద్విభూతి.

ఈ చూపును అభ్యసించుటకు గిరిప్రదక్షిణము చక్కని సాధనము. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు భక్తులు తొలిపావంచావద్ద కొబ్బరికాయ కొట్టి, సుమారు 32 కిలోమీటర్లు నడతురు. అడవివరము దాటి, ముడసర్లోవ జలాశయము ప్రక్కగా సాగి, జోడుగుళ్లపాలెమువద్ద సముద్రమును దర్శించి, నగరవీథుల గుండ, మాధవధార మీదుగా తిరిగి కొండక్రిందికి వత్తురు. కోవెలలో గర్భాలయము చుట్టు తిరుగుదుము. ఇచట కొండయే గర్భాలయము. చెరువు, కడలి, ధార ఆ ప్రదక్షిణ మార్గములోనివే. మరునాడు పూర్ణిమకు స్వామికి చివరి విడత చందనము సమర్పింతురు.

ఇచట ఒక సందేహము కలుగును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరమును తాకినపుడు కొండలమీది చెట్లు కూలినవి, ఇండ్లు ధ్వంసమైనవి, ప్రాణములు పోయినవి. అదియు విభూతియేనా? పావనము చేయువానిలో వాయువు తానేయన్న స్వామి, సర్వమును హరించు మృత్యువును తానేయనెను. విశ్వరూపమును కోరి చూచిన అర్జునుడు సైతము భయపడి సౌమ్యరూపమును ప్రార్థించెను. కావున మనోహరమైన దానియందు మాత్రమే భగవంతుని చూచుట అసంపూర్ణ దర్శనము.

అట్లని అంతయు దైవలీలయని చేతులు ముడుచుకొని కూర్చుండుట భక్తి కాదు. ఆపదలో నున్నవారియందును అంతర్యామి కలడు. వారికి అన్నమిడుట ఆయన ఆరాధనమే. మన స్వామి భూమిని ఉద్ధరించిన వరాహము, ఉగ్రుడైన నృసింహుడు, ఒకే మూర్తియందు. ఆ ఉగ్రతను చల్లార్చుటకే చందనము సమర్పించుచున్నాము. కూలిన చెట్టు తావున మొక్క నాటి నీరు పోయుటయు అట్టి సమర్పణమే.

స్వామి చందనమును మనము కన్నుల కద్దుకొందుము. ప్రదక్షిణము చేయుచు ఆ దారిలోనే ప్లాస్టిక్ సంచులు పారవైచుట అపచారమని ఏల తోచదు? ఈ మారు పిల్లలను వెంటబెట్టుకొని నడచునపుడు కొండను, కడలిని చూపి, ఇవి స్వామి శరీరమని నేర్పుదము. అట్టి చూపును సింహాద్రినాథుడు మనకందరకు అనుగ్రహించుగాక!