ఎపాక్సీ రెజిన్ పని – చేతులు జాగ్రత్త

మీ ఇంట్లో ఎవరైనా బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు షెడ్లలో ఫైబర్ పనికి వెళ్తున్నారా? వేళ్ల సందుల్లో దురద అంటున్నారా? పొద్దున లేచేసరికి కనురెప్పలు వాస్తున్నాయా? తామర అనుకొని మందుల షాపులో ఏదో ఒక ఆయింట్‌మెంట్ కొని పూయకండి. అది ఎపాక్సీ వల్ల వచ్చిన అలర్జీ కావచ్చు.

ఈ పనిలో గాజు లేదా కార్బన్ గుడ్డను అచ్చులో పొరలుగా పరిచి, రెజిన్, హార్డెనర్ కలిపిన ద్రవంతో తడుపుతారు. 2012లో మొదట ఎగిరిన అగ్ని-5 క్షిపణికి హైదరాబాదులోని ఏ.ఎస్.ఎల్. ప్రయోగశాల చేసిన మోటారు తొడుగులు కూడా ఈ కోవలోవే. పూర్తిగా గట్టిపడిన వస్తువును ముట్టుకుంటే సాధారణంగా ఏమీ కాదు. హాని చేసేది పచ్చి ద్రవం, సరిగా గట్టిపడని ముక్కను రుద్దినప్పుడు లేచే దుమ్ము. నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఏమీ కాదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తరువాత చిన్న చుక్క తగిలినా దద్దుర్లే. ఆ గుణం సాధారణంగా జీవితాంతం పోదు. కొందరు పనే మానుకోవలసి వస్తుంది. కాబట్టి "నాకు ఇన్నాళ్లూ ఏమీ కాలేదు" అంటే ఒప్పుకోకండి.

అన్నిటికంటే చెడ్డ అలవాటు థిన్నర్‌తోనో అసిటోన్‌తోనో చేతులు కడగటం. అది చర్మంలోని జిడ్డును తీసేసి రెజిన్ లోపలికి పోవటానికి దారి ఇస్తుంది. పొడిగుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లతో కడగాలి. పలుచని రబ్బరు గ్లౌజులు చాలవు. నైట్రైల్ గ్లౌజులు వేసుకొని, రెజిన్ అంటినా చిరిగినా మార్చాలి. ఆ చేత్తో ముఖం తుడుచుకోకూడదు. దుమ్ముకు చేతిరుమాలు కట్టుకుంటే లాభం లేదు, ఎన్-95 మాస్కు కావాలి.

పాలిస్టర్ రెజిన్ పని నేర్చినవారు ఇంకో పొరపాటు చేస్తారు. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తారు. ఎపాక్సీలో అది కుదరదు. ఎక్కువైనది పచ్చిగా మిగిలి వస్తువును బలహీనపరుస్తుంది, చేతికీ అంటుతుంది. డబ్బామీది పాళ్ల ప్రకారం తూచి కలపాలి. మే నెలలో బకెట్టు నిండా కలిపితే దానంతట అదే వేడెక్కి పొగలు కక్కుతుంది.

పని బట్టలు విడిగా ఉతకండి. కంట్లో పడితే 15 నిమిషాలు నీటి ధారతో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

చర్మ వైద్యుని దగ్గరకు వచ్చేటప్పుడు రెజిన్, హార్డెనర్ రెండు డబ్బాలమీది పేర్లూ రాసుకొని రండి. అవసరమైతే వీపు మీద ప్యాచ్ టెస్టు పట్టీలు అతికించి, రెండు రోజుల తరువాత తీసి చూస్తారు. సెలవుల్లో తగ్గి, పనికి వెళ్లగానే తిరగబెడుతుందా? ఆ సంగతి తప్పక చెప్పండి.