ఫొటో ‘కడగడం’: తాతయ్య ఎన్‌లార్జర్‌తో నా వేసవి సెలవులు

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు “ఫొటోలు కడిగించాలి” అంటారు కదా. ఏదో మాటవరసకి అంటారనుకునేవాణ్ణి. కాదు, నిజంగానే కడుగుతారు.

కాకినాడలో మా తాతయ్య స్టూడియో మూతపడి చాలా ఏళ్ళయింది. ఆయన ఎన్‌లార్జర్ అటక మీద గోనెసంచిలో ఉండిపోయింది. పెళ్ళయిన కొత్తలో అమ్మమ్మకి ఆయన తీసిన ఫొటో ఒకటి ఉండేది, ఫ్రేమ్‌తో సహా చెదలు తినేశాయి. నెగటివ్ ఒక్కటే మిగిలింది. స్కాన్ చేసి ఫోన్‌లో చూపిస్తే అమ్మమ్మ “ఇలా కాదురా, గోడకి ఉండేదే అలాంటిది” అంది. అలా మొదలైంది.

ఎన్‌లార్జర్ అంటే తిరగేసిన కెమెరా. కెమెరాలో బయటి దృశ్యం చిన్నదై ఫిల్మ్ మీద పడుతుంది. ఇక్కడ ఫిల్మ్ పైన బల్బు వెలిగిస్తే ఆ చిన్న బొమ్మ లెన్స్ గుండా పెద్దదై కింద పేపర్ మీద పడుతుంది, అంతే.

ముందుగా మార్చింది వైరు. గుడ్డ చుట్టిన పాత టూపిన్ వైరు, పైగా ఇనప బాడీ. షాక్ కొడితే మ్యాగజైన్‌కి ఆర్టికల్ కాదు, నివాళి వచ్చేది. ఎర్త్ ఉన్న త్రీపిన్ వైరు వేయించా. తర్వాత కండెన్సర్లు. బల్బు కింద ఉండే ఈ రెండు అద్దాలకీ ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. ఉబ్బులు రెండూ ఎదురెదురుగా ఉండాలి. తుడిచి తిరిగి పెట్టేటప్పుడు ఒకటి తిరగబడింది, వెలుతురు మూలల్లో మసకైపోయింది. లెన్స్ తప్పేమో అని ఒక పూటంతా దాన్నే తుడుస్తూ కూర్చున్నా. సముద్రపు గాలికి లెన్స్‌లో ఫంగస్ కూడా పట్టింది. చాలావరకు పోయింది కానీ గాజుని తినేసిన చోట గీతలు ఉండిపోయాయి. చివరగా బెలోస్‌లో టార్చ్ పెట్టి చీకట్లో చూసి, చిల్లులు నల్ల టేపుతో మూశా. నెగటివ్, లెన్స్, బేస్‌బోర్డు మూడూ సమాంతరంగా ఉన్నాయో లేదో రసమట్టంతో చూశా. ఒకవైపు వంగితే అమ్మమ్మ ముఖం షార్ప్‌గా, చెయ్యి బ్లర్‌గా వస్తుంది.

ఇప్పుడు మన సబ్జెక్టు. నాలుగు రెట్లు పెంచిన ప్రింట్‌కి 10 సెకన్లు సరిపోయింది. ఎనిమిది రెట్లకి ఎంత? సైజు రెండింతలు, కాబట్టి ఇన్వర్స్ స్క్వేర్ ప్రకారం 40 అనుకున్నా. పేపర్ మాడిపోయింది. లెన్స్ నుంచి పేపర్‌కి దూరం, ఫోకల్ లెంగ్త్‌ని (1 + పెంపు)తో గుణించినంత. 50 ఎం.ఎం. లెన్స్‌కి నాలుగు రెట్లప్పుడు 250, ఎనిమిది రెట్లప్పుడు 450 మిల్లీమీటర్లు. నిష్పత్తి 1.8, దాని వర్గం 3.24. అంటే 32 సెకన్లు. ఫార్ములాలో ఒక్క ‘1’ మర్చిపోతే ఒక పేపర్ చెత్తబుట్టలోకి. ఆఫ్ బై వన్ ఎర్రర్ ఇక్కడ కూడా వెంటాడింది!

లెక్క దగ్గరికి తీసుకెళ్తుంది, తేల్చేది మాత్రం టెస్ట్ స్ట్రిప్. పేపర్ ముక్క మీద అట్ట కప్పి, ఐదేసి సెకన్లకోసారి కొంచెం కొంచెం జరుపుతూ పోతే 5, 10, 15, 20 సెకన్ల పట్టీలు పక్కపక్కనే వస్తాయి. ఈ బ్లాక్ అండ్ వైట్ పేపర్‌కి ఎరుపు కనపడదు, అందుకే ఎర్ర లైటు వేసుకుని పనిచేయొచ్చు. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి, మే నెలలో మన కుళాయి నీళ్ళకి ఆ సంగతి తెలీదు. ట్రేని ఐసు నీళ్ళ టబ్బులో పెట్టా. డెవలపర్, స్టాప్ బాత్, ఫిక్సర్, ఆ తర్వాత నీళ్ళు. ఈ ఆఖరి కడుగుడు సరిగ్గా లేకపోతే మిగిలిన ఫిక్సర్ వల్ల కొన్నాళ్ళకి ఫొటో పసుపెక్కుతుంది.

ఫొటోషాప్‌లో డాడ్జ్ టూల్ ఐకాన్ పుల్లకి గుచ్చిన గుండ్రం బిళ్ళలా ఎందుకుంటుందో ఇక్కడ అర్థమైంది. తాతయ్య డబ్బాలో సరిగ్గా అదే దొరికింది: తీగ చివర నల్ల అట్టబిళ్ళ. వెలుతురులో దాన్ని ఆడిస్తూ ఉంటే ఆ నీడ పడిన చోట ప్రింట్ తేలికవుతుంది. బర్న్ దానికి రివర్స్, చేతులతో మిగతాదంతా మూసి ఒక్కచోట అదనంగా వెలుతురు ఇవ్వడం.

నాలుగో ప్రింట్ బాగా వచ్చిందనిపించింది. ఆరాక అమ్మమ్మకి ఇచ్చా. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

“ముఖం బానే ఉందిరా. చీర అంచు తెల్లగా పోయింది. దానికి జరీ ఉండేది, మీ తాతయ్య తీసినదాంట్లో పోగు పోగూ కనపడేది.”

నెగటివ్‌ని లైటుకి పెట్టి చూశా. జరీ ఉంది. రేపు అంచు ఒక్కదానికీ ఇంకో ఎనిమిది సెకన్లు బర్న్ చేయాలి.