పక్షవాత రోగికి మతి చెదిరినప్పుడు



దివిసీమ నుండి ఒక పెద్దాయనను పక్షవాతంతో విజయవాడ తీసుకువచ్చారనుకోండి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. వేళకు ఆసుపత్రికి చేరారు గనుక ప్రాణగండం తప్పింది. రెండవ రోజు సాయంత్రం కూతురిని గుర్తుపట్టి నవ్వారు కూడా. మూడవ రాత్రి రెండు గంటల వేళ ఉన్నట్టుండి మంచం దిగబోయి, ముక్కులోని గొట్టం లాగేసి, "నీళ్ళొచ్చేస్తున్నాయి, పిల్లల్ని పైకెక్కించండి" అని కేకలు పెట్టసాగారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్ళారా చూసిన మనిషి ఆయన. కొడుకు జబ్బలు పట్టుకుని అదిమితే కొడుకును దొంగ అన్నారు. కోడలిని చూసి, "అన్నంలో ఏదో కలిపింది" అన్నారు. తెల్లవారేసరికి ఆ కుటుంబంలో మూడు మాటలు పుట్టాయి. ఒకరు పిచ్చి అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు, మరొకరు ఇక ఆఖరి ఘడియలే అన్నారు.

మూడూ కావు. వైద్యులు దీనిని డెలీరియం అంటారు. మన పెద్దలకిది కొత్త కాదు. జ్వరం తలకెక్కి మనిషి ఏదేదో మాట్లాడితే 'సంధి ప్రేలాపన' అనేవారు. పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన వారిలో సుమారు నలుగురిలో ఒకరికి తొలి రోజులలో ఇది కనిపిస్తుందని వివిధ దేశాల పరిశీలనలు తెలుపుతున్నాయి. వయసు పైబడిన వారికి, ముందే మతిమరుపు ఉన్నవారికి, పక్షవాతం తీవ్రంగా వచ్చినవారికి ఎక్కువగా వస్తుంది.

గుర్తుపట్టడం ఎలా? వృద్ధాప్యపు మతిమరుపు నెలలు, ఏళ్ళ తరబడి మెల్లగా వస్తుంది. ఇది గంటలలో, ఒకటి రెండు రోజులలో వస్తుంది. పొద్దున బాగానే ఉండి, చీకటి పడేసరికి ముదురుతుంది. మనసు ఒకచోట నిలవదు. ఆదివారం నుండి వెనక్కి శనివారం, శుక్రవారం అంటూ చెప్పమంటే రెండు వారాలు చెప్పి ఆగిపోతారు. అయితే కుడివైపు పడిపోయిన వారిలో చాలామందికి మాటే పోతుంది, లేదా ఒకటి అనబోయి మరొకటి అంటారు. అది వేరే సంగతి, దానినే మతి చెదరడం అనుకోరాదు.

కేకలు పెట్టే రోగిని అందరూ చూస్తారు. అసలు ప్రమాదం కేకలు పెట్టని రోగితోనే. రోజంతా మగతగా పడి ఉంటారు, పిలిస్తే అర నిమిషం కళ్ళు తెరిచి మళ్ళీ మూస్తారు, ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోతారు. "హాయిగా నిద్రపోతున్నారు, లేపకండి" అని మనవాళ్ళు సంతోషిస్తారు. ఇది కూడా డెలీరియమే కావచ్చు. కాబట్టి నర్సుకు "నిన్న ఇలా లేరండీ" అని చెప్పండి. నిన్న ఎలా ఉన్నారో డ్యూటీ మారి వచ్చిన డాక్టరుగారికి తెలియదు, మీకే తెలుసు. కొత్తగా మరో చెయ్యి పడిపోయినా, మూతి వంకర పోయినా, లేపితే లేవకపోయినా ఒక్క క్షణం ఆలస్యం చేయరాదు. ఇంటి వద్దనైతే 108కి ఫోను చేయండి.

మతి చెదరడానికి మెదడుకు తగిలిన దెబ్బ ఒక్కటే కారణం కాదు. దాని వెనుక వెతికితే దొరికే కారణాలు, చాలావరకు సరిచేయగలిగినవి ఉంటాయి. మూత్రం బిగిసిపోవడం, మూత్రంలో చీము, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో సోడియం పడిపోవడం, చక్కెర పడిపోవడం, చెప్పుకోలేని నొప్పి, ఊపిరితిత్తులలో నిమ్ము, ఇవన్నీ కారణాలే. దురదకు వాడే అవిల్ వంటి పాత మాత్రలు, నిద్ర మాత్రలు కూడా. "కాస్త నిద్రపుచ్చండి సిస్టర్" అని మనం ఒత్తిడి చేసి వేయించిన మాత్రే మరునాటి రాత్రి గొడవను పెంచవచ్చు.

నిమ్ము సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పక్షవాతంలో మింగే శక్తి దెబ్బతింటుంది. చూడవచ్చిన బంధువు ప్రేమకొద్దీ కొబ్బరినీళ్ళు నోట్లో పోస్తే అవి ఊపిరితిత్తులలోకి జారవచ్చు. అక్కడినుంచి నిమ్ము, జ్వరం, మళ్ళీ సంధి. మింగగలరని డాక్టరుగారు చెప్పేవరకు చుక్క కూడా పోయకండి, ఎవరు నొచ్చుకున్నా సరే.

ఇక మన ఇళ్ళలో దాచిపెట్టే కారణం ఒకటుంది. రోజూ తాగే మనిషికి ఆసుపత్రిలో ఒక్కసారిగా సారా ఆగిపోతే, రెండు మూడు రోజులకు చేతులు వణికి, చెమటలు పట్టి, లేని పురుగులు కనిపించే సంధి వస్తుంది. చికిత్స లేకపోతే ప్రాణాలు తీస్తుంది. దీని చికిత్స వేరు, ఇక్కడ ఆ నిద్రమాత్రల జాతి మందులే వైద్యుని చేతిలో అవసరమవుతాయి. "మీవారికి తాగే అలవాటుందా?" అని అడిగితే, పక్కన విచారణ పెద్దలు నిలబడి ఉన్నారని "అబ్బే, లేదండీ" అనే భార్యలు ఎందరో! పరువు సంగతి తరువాత చూసుకోవచ్చు. డాక్టరుగారిని పక్కకు పిలిచి, ఎంత తాగుతారో, ఆఖరిసారి ఎప్పుడు తాగారో చెప్పండి.

1999లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ షారన్ ఇనౌయే బృందం ఒక పరిశీలన ప్రచురించింది. పక్షవాత రోగులనే కాదు, సాధారణ వార్డులలో చేరిన 70 ఏళ్ళు, ఆపైన ఉన్న 852 మందిని వారు చూశారు. మామూలు సంరక్షణలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ప్రత్యేక శ్రద్ధ చూపిన వారిలో 9.9 శాతానికే వచ్చింది. ఆ శ్రద్ధ ఏమిటో తెలుసా? కళ్ళజోడు పెట్టడం, చెవి మిషను పెట్టడం, ఈ రోజు ఏ వారమో చెప్పడం, నడిపించడం, నీళ్ళు తాగించడం, రాత్రి గోరువెచ్చని పాలిచ్చి వీపు నిమిరి నిద్రపుచ్చడం. అక్కడ దీనికి స్వచ్ఛంద సేవకులను పెట్టుకోవలసి వచ్చింది. మన దగ్గర ప్రతి మంచం పక్కన ఒక మనిషి ఉండనే ఉంటాడు. కాని పెద్దాయన కళ్ళజోడు ఊళ్ళో బల్ల మీదే ఉండిపోతుంది! కదలికలు, తాగుడు, తిండి మాత్రం డాక్టరుగారు అనుమతించిన మేరకే.

నీళ్ళొస్తున్నాయని భయపడే మనిషితో వాదించకండి. "నాన్నా, నేను మీ పెద్దమ్మాయిని. మనం విజయవాడలో ఆసుపత్రిలో ఉన్నాం. పిల్లలు క్షేమం" అని చెయ్యి పట్టుకుని మెల్లగా, పదే పదే చెప్పండి. చేతులు మంచానికి కట్టేస్తే భయం రెట్టింపవుతుంది, పెనుగులాట పెరుగుతుంది. రాత్రి లైట్లు తగ్గించి, పగలు కిటికీ తెరవండి. ఒకరో ఇద్దరో తెలిసిన మనుషులే వంతులవారీగా ఉండాలి. ఈ మాట చెప్పినందుకు ప్రార్థనా బృందాల వారు నన్ను క్షమించాలి, పదిహేనుమంది మంచం చుట్టూ చేరి గొంతెత్తి పాడటం ఆ రోగికి మేలు చేయదు. ఇద్దరు వచ్చి, నెమ్మదిగా ఒక జపమాల చెప్పి వెళ్ళండి. మొక్కు ఉందని, ఆసుపత్రి నుండి వచ్చి వారం తిరగకుండానే గుణదల తిరునాళ్ళ రద్దీలోకి మోసుకుపోకండి. మాత ఆగుతుంది.

గురువులను పిలవడానికి మాత్రం ఆగనక్కరలేదు. అభ్యంగనం ఇస్తే మనిషి పోతాడనే భయం మన ఊళ్ళలో ఇంకా పోలేదు. అది మరణశయ్యపై ఉన్నవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. రోగి మతి చెదిరి తానుగా అడగలేకపోయినా, స్పృహలో ఉన్నప్పుడు కనీసం మనసులో కోరుకొని ఉండగల విశ్వాసికి ఇవ్వవచ్చునని తిరుసభ చట్టం చెబుతోంది.

ఆ రోజులలో రోగి చేత పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించవద్దు. అలాగే ఆయన అన్న మాటలను లెక్కలోకి తీసుకోవద్దు. "అన్నంలో ఏదో కలిపింది" అన్న మాట పట్టుకుని కోడలిని అనుమానించిన ఇళ్ళున్నాయి, మామగారు బాగై ఇంటికి వచ్చాక కూడా ఆమె నొప్పి తగ్గని ఇళ్ళూ ఉన్నాయి.

చాలామందికి కొద్ది రోజులలో తెరిపి వస్తుంది, కొందరికి వారాలు పడుతుంది. మతి చెదిరిన వారికి కోలుకోవడం ఆలస్యం కావచ్చు, తరువాత జ్ఞాపకశక్తి తగ్గవచ్చు. అందుకని ఇంటికి వచ్చాక మళ్ళీ డాక్టరుగారికి చూపించినప్పుడు, రాత్రిపూట జరిగింది కూడా చెప్పండి. కొందరికి ఆ భయాలు గుర్తుంటాయి, సిగ్గుపడి ఎవరితోనూ అనరు. "ఆ రాత్రి నేనేమన్నానే?" అని ఆయన అడిగితే, నవ్వి దాటవేయకుండా, జబ్బు వల్ల జరిగిందని ఉన్నదున్నట్టు చెప్పండి. కోడలు కూడా ఆ మాట వింటూ ఉంటే మంచిది.