గోదాదేవి వ్రతము – మహిళా మండలులకు పాఠము

సిద్దిపేట మగ్గములపై నేయబడు గొల్లభామ చీర మిగుల ప్రసిద్ధమైనది. తలపై పాలకుండ నుంచుకొని నడచు గోపిక రూపమును నేతగాండ్రు ఆ చీరయందు వరుసగా తీర్చుదురు. 2012లో ఈ చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కొంగును పరికించి చూచినవారికి ఒక విషయము తోచకపోదు. అందు గొల్లభామ ఒంటరిగా నుండదు. ఆమెకు ముందొకతె, వెనుక నొకతె నడచుచునే యుందురు.

ధనుర్మాసమున వైష్ణవాలయములందు ముప్పది దినములు అనుసంధింపబడు తిరుప్పావైయందును ఇట్టి వరుసయే కానవచ్చును. శ్రీవిల్లిపుత్తూరున అవతరించిన గోదాదేవి తనను గోపికగా భావించుకొని, తోడి కన్యలతో గూడి వ్రతము నాచరించినది. ఒక్కతెయే తెల్లవారుజామున మేల్కొని స్వామి సన్నిధికి పోవుట ఆ తల్లికి అసాధ్యము కాదు. అయినను ఆమె అట్లు చేయలేదు. కనుకనే తిరుప్పావై స్త్రీలు కలసి చేయవలసిన పనులకు ఒక పాఠ్యగ్రంథము వంటిది.

వ్రతమునకు నాలుగు అంగములు

మొదటి అంగము మేలుకొలుపు. ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురము వరకు, పది పాశురములలో పదిమంది గోపికలు మేలుకొలుపబడుదురు. ప్రతి వాకిట ఆగి, పిలిచి, బదులు వచ్చువరకు నిలిచియుండుట అందలి విశేషము.

రెండవది నియమము. నేయి, పాలు ముట్టరాదనియు, అలంకారములు విడువవలెననియు, చేయరాని పనులు చేయరాదనియు, పరులను గూర్చి చెడుమాట పలుకరాదనియు రెండవ పాశురమునందు కలదు. మూడవది దానము. యోగ్యులకు దానమును, అర్థించినవారికి భిక్షను శక్తికొలది ఇయ్యవలెనని అదే పాశురము బోధించుచున్నది. తన నియమమును, పరుల సేవను గోదాదేవి ఒకేచోట చెప్పినది, వానిని విడదీయలేదు.

నాలుగవది సహభోజనము. రెండవ పాశురమున విడిచిన నేయి, పాలు, అలంకారములు ఇరువదియేడవ పాశురమున తిరిగి వచ్చును. నేయి మోచేతివరకు కారునట్టి పాలయన్నమును అందరు కూడియుండి ఆరగింతురు. విడుచుటతో మొదలైన వ్రతము కలసి భుజించుటతో పండినది. ఈ పాశురము పేరిటనే ఆలయములందు కూడారై ఉత్సవము జరుగుచున్నది.

మన గృహములలో స్త్రీలు ఈ నాలుగింటిలో ఒక్క నియమమును మాత్రము మిగుల జాగ్రత్తగా పాటించుచున్నారు. ఏకాదశి, శనివారము, నోముదినము అని ఉపవాసములు లెక్కించుకొందురు. తక్కిన దినములలో సైతము అందరు భుజించిన పిమ్మట గిన్నెలో మిగిలినదే తమ భోజనమని తృప్తిపడుదురు. దీని ఫలితము చిన్నది కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తెలంగాణ రాష్ట్రమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కలదు. రెండవ పాశురమును పాటించి ఇరువదియేడవ పాశురమును మరచినచో వ్రతము సగముననే నిలిచినట్లు కాదా?

పూర్వుల దారి

తెలుగునాట స్త్రీలు సమాజములుగా ఏర్పడుట నేటి మాట కాదు. భండారు అచ్చమాంబగారి కృషితో 1902లో మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజము వెలసినది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు మద్రాసున 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభకు సైతము బృందావనము పేరుగల ఒక చిన్న బాలికల బృందమే మొలక. అది పెరిగి విద్యాలయములు, వైద్యాలయములు గల మహాసంస్థ అయినది. ఆ పెద్దలు తమ సమాజములకు బృందావనము పేరు నెన్నుకొనుటయందు గల ఔచిత్యము తిరుప్పావై చదివినవారికి తెలియగలదు.

పూర్వపు మెదక్ జిల్లాలోనే మరియొక దృష్టాంతము కలదు. జహీరాబాద్ ప్రాంతమున 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి సంఘములలో నిరుపేద స్త్రీలు చేరి, బీడుపడిన భూములను సాగులోనికి తెచ్చి, జొన్న, కొఱ్ఱ, సజ్జ మున్నగు విత్తనములను కాపాడిరి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమతి లభించినది. తమ ఇంటి ఆకలి తీర్చుకొనుటకు వారు చేసిన పనియే లోకమునకు సేవ అయినది.

మండలులు చేపట్టదగిన పనులు

సిద్దిపేట పట్టణమున మోహిన్‌పురా వేంకటేశ్వరాలయము, జిల్లాయందు నాచగిరి లక్ష్మీనృసింహ క్షేత్రము, చంద్లాపూర్ రంగనాయకస్వామి గుట్ట కలవు. ఇట్టి ఆలయముల చెంత తిరుప్పావై పారాయణ చేయు స్త్రీలు పదిమంది చేరినచో, ఆ బృందమే ఒక మహిళా మండలి కాగలదు. దానికి పెద్ద ధనము అక్కరలేదు.

మేలుకొలుపు: ప్రతి సభ్యురాలు తన వీధిలో రెండిండ్లను తనవిగా భావింపవలయును. ఒంటరిగానున్న వృద్ధురాలు, బాలింత, క్రొత్తగా వచ్చిన కోడలు, భర్తను కోల్పోయిన స్త్రీ – వీరి వాకిట వారమునకొకమారు ఆగి యోగక్షేమములు విచారింపవలయును. పారాయణమునకు రాలేకపోయినవారిని నిందింపక, రాలేకపోవుటకు గల కారణమును తెలిసికొనవలయును. వైధవ్యము కారణముగా ఎవ్వరిని పసుపుకుంకుమల పేరంటమునుండి వెనుకకు నెట్టరాదు. గోదాదేవి పిలిచిన వాకిండ్లలో పిలువదగనిది ఒక్కటియు లేదు.

నియమము: మండలి స్త్రీలందరు ఏటికి రెండుమారులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. గర్భిణి కాని స్త్రీకి రక్తమున హిమోగ్లోబిన్ 12 గ్రాములకును, గర్భిణికి 11 గ్రాములకును తగ్గరాదు. తగ్గినచో వైద్యుని సలహాపై ఇనుపధాతువు మాత్రలు వాడవలయును. మునగాకు, తోటకూర, సజ్జ, నువ్వులు వంటయందు తరచుగా నుండవలెను. భోజనముతో నిమ్మరసమో ఉసిరికాయయో తీసికొన్నచో ఇనుము చక్కగా ఒంటబట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగినచో సరిగా ఒంటబట్టదు. గర్భిణులు, రోగులు కఠినోపవాసము చేయనక్కరలేదని పెద్దలు చెప్పు మాటను మండలియే ఇంటింట తెలుపవలయును. ఋతుకాలపు శుభ్రతను గూర్చి స్త్రీలకు బోధించుటకై సిద్దిపేట పట్టణమున ఋతుప్రేమ అను కార్యక్రమము జరిగినది. ఇట్టి విషయములు తల్లులు కుమార్తెలకు సిగ్గుపడక చెప్పునట్లు చేయుటయు ఆరోగ్య నియమమే.

దానము: సిద్దిపేట ప్రాంతమున స్టీలు బ్యాంకులు ఏర్పడినవి. శుభకార్యములందు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు వాడక, స్టీలు పాత్రలను తీసికొనిపోయి, పని తీరిన పిమ్మట శుభ్రముచేసి తిరిగి ఇచ్చు పద్ధతి ఇది. ఆలయముల చెంతనున్న మండలులును నూరు పళ్లెములు, నూరు గ్లాసులు సమకూర్చుకొన్నచో, పేదయింటి పెండ్లికి అది గొప్ప దానము. ప్రసాద వితరణ వేళ ఆలయ ప్రాంగణమునకు శుభ్రత. స్వామికి సమర్పించిన పూలమాలలను చెరువులో వేయక, ఎరువుగా మార్చి తులసివనమునకు వేయుట మరియొక కైంకర్యము. మాలాకైంకర్యము చేసిన పెరియాళ్వారుల కుమార్తెకు ఇది ప్రీతి కలిగింపకుండునా? భోగినాడు జరుగు గోదాకల్యాణమునకు స్థానిక నేతగాని వద్ద కొన్న గొల్లభామ చీరను సమర్పించినచో, అమ్మవారికి వస్త్రము, ఒక మగ్గమునకు జీవనము రెండును కలుగును.

సహభోజనము: నెలకొకమారు సభ్యురాండ్రందరు తమ ఇండ్లనుండి తెచ్చిన వంటకములను ఒకచోట చేర్చి, వడ్డించువారు వడ్డింపబడువారు అను భేదము లేక కలసి భుజింపవలయును. సద్దుల బతుకమ్మనాడు కోమటిచెరువు గట్టున సత్తుపిండిని ఒకరికొకరు పంచుకొను సిద్దిపేట ఆడపడుచులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఆ అలవాటు గృహమునందును కొనసాగవలెను. వారమునకొక పూటయైన ఇంటివారందరు ఇల్లాలితో కలసి కూర్చుండి భుజించుట పురుషులు కూడ పూనదగిన వ్రతము.

కలహము వచ్చినపుడు

పదిమంది చేరినచోట మాటపట్టింపులు తప్పవు. లెక్కల విషయమునను, పెత్తనము విషయమునను మండలులు చీలిపోవుట కద్దు. లెక్కను ప్రతి నెల అందరియెదుట చదువుట, అధ్యక్షురాలిని ఏటేట మార్చుట లౌకికమైన ఉపాయములు. ఆధ్యాత్మికమైన ఉపాయము పదునైదవ పాశురమున కలదు. లోపలి గోపికకు, వెలుపలి గోపికలకు అందు మాటామాటా పెరుగును. తుదకు లోపలనున్నామె ఆ తప్పు తనదేయగుగాక యని ఒప్పుకొని బయటకు వచ్చును. పరుల దోషమును సైతము తనదిగా స్వీకరించుట శ్రీవైష్ణవ లక్షణమని వ్యాఖ్యాతలు ఇచ్చట విశేషించి చెప్పిరి. ఆమె అట్లు తగ్గియుండనిచో గోష్ఠి ఆ వాకిటనే నిలిచిపోయెడిది.

ఇల్లాలు బలహీనురాలైనచో ఇంటి దీపము, ఆలయ దీపము రెండును మసకబారును. ఆమె తన దేహమును కాపాడుకొనుట స్వార్థము కాదు. స్వామి కైంకర్యమునకు ఉపకరణమును సిద్ధపరచుకొనుట. కావున రానున్న ధనుర్మాసమున పారాయణమునకు బయలుదేరు ప్రతి సోదరి, దారిలో మరియొక వాకిట ఆగి పిలుచుగాక! ఆ పిలుపు నందుకొన్న యింటను, పిలిచిన యింటను గోదారంగనాథుల అనుగ్రహము నిండుగాక!