మానని పుండు – మందునకు తోడైన ధ్వని

ప్రత్తిపాడు ప్రాంతపు నల్లరేగడి చేలలో పత్తిమోడు కాలిలో గ్రుచ్చుకొనుట వింత కాదు. ఇంత పసుపు అద్దుకొని మరునాడే పనికి పోవువారే యెక్కువ. ఆరోగ్యవంతునకు ఆ గాయము కొలది దినములలో మానును. మధుమేహమున్నవారికి అట్లు కాదు. పాదములలో స్పర్శ తగ్గుటచే నొప్పి తెలియదు. నెత్తురు ప్రసారము తగ్గుటచే పుండు మానదు. నెలలు గడచిన పిదప ఆసుపత్రికి పోయినచో కాలు తీసివేయక తప్పని స్థితి యేర్పడవచ్చును. కాలు పోయిన కూలి యింట బ్రతుకుతెరువే పోయినట్లు. కావున ఇట్టి పుండు ఏల మానదో, దానిని మాన్పుటకు జరుగుచున్న క్రొత్త ప్రయత్నమేమో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరమని మేము తలచుచున్నాము.

పుండులోని పాకుడు

మంచినీటి ట్యాంకు గోడకు పట్టు పాకుడు సభ్యులందరు ఎరిగినదే. నీటిలో బ్లీచింగు పొడి కలిపినంత మాత్రమున అది పోదు. గోడ రుద్ది, కడిగి, ఆపై బ్లీచింగు వేసిననే ట్యాంకు శుభ్రమగును. పుండులోను ఇట్లే జరుగును. స్టెఫిలోకాకస్, సూడోమోనాస్ వంటి బాక్టీరియా పుండు నంటుకొని, తమ చుట్టు చక్కెరలు, మాంసకృత్తులతో కూడిన జిగురుపొర నల్లుకొనును. శాస్త్రజ్ఞులు దీనిని బయోఫిల్మ్ అందురు. 2008లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, దీర్ఘకాలపు పుండ్లు 50 పరీక్షింపగా 30 పుండ్లలో ఈ పొర కనబడినది. క్రొత్త గాయములు 16 పరీక్షింపగా ఒక్కదానిలోనే కనబడినది.

మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగానున్న లెడర్లీ ప్రయోగశాలలో ఆరియోమైసిన్ కనుగొనబడి, 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ మందులలో అదియే మొదటిది. ఇట్టి యాంటీబయాటిక్ మందులు విడిగా తిరుగు బాక్టీరియాను లోబరచుకొనగలవు. కాని జిగురుపొర అడుగున ఆహారము, ప్రాణవాయువు చాలక బాక్టీరియా నిద్రించినట్లుండును. పెరుగుచున్న జీవిని దెబ్బతీయు మందు నిద్రించు జీవిపై అంతగా పనిచేయదు.

ధ్వని చేయు పని

సెకనుకు 20,000 కంటె ఎక్కువ కంపనములు గల ధ్వని మన చెవికి వినబడదు. దానినే అల్ట్రాసౌండ్ అందురు. గర్భిణుల స్కానింగులో సెకనుకు పదుల లక్షల కంపనములు గల ధ్వనిని వాడుదురు. పుండ్లను శుభ్రపరచుటకు వాడునది పదుల వేల కంపనములది. ఈ ధ్వని ద్రవములో సన్నని బుడగలను పుట్టించి, ఉబ్బించి, పగులగొట్టును. ఆ కదలికకు జిగురుపొర వదులై మందు లోనికి చొచ్చుటకు దారి యేర్పడును.

1990 దశకమున అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయమున సూడోమోనాస్ పొరపై జెంటామైసిన్‌తోపాటు ఈ ధ్వనిని ప్రయోగించి చూచిరి. ధ్వని ఒంటరిగా బాక్టీరియాను చంపలేదు. మందుతో కూడినపుడు మాత్రము, మందు ఒక్కటే చంపినదానికంటె ఎక్కువ చచ్చినవి.

కొన్ని ఆసుపత్రులలో పుండులోని చెడిన భాగమును తొలగించుటకు ఇట్టి పరికరమును వైద్యులు వాడుచున్నారు. మందుతో జతచేసిన చికిత్స మాత్రము ఇంకను అంతట స్థిరపడలేదు. ఇది స్కానింగు యంత్రముతో చేయు పని కాదు. యంత్రము చూపి పుండు మాన్పెదమని డబ్బు గుంజువారిని నమ్మరాదు. పుండును శుభ్రపరచుట, చక్కెరను అదుపులోనుంచుట, పాదముపై బరువు పడనీయకుండుట నేటికిని మొదటి చికిత్సలు.

సభ్యులు చేయదగినవి

1. రెండు వారములలో మానుముఖము పట్టని కాలిపుండు గలవారిని ఆశా కార్యకర్త ద్వారా గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అవసరమైనచో వారు గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పోవునట్లు చూడవలెను.

2. మిరపకోతలకు కర్నూలు ప్రాంతమునుండి వచ్చు కూలీలను మరువరాదు. ఊరు తమది కాదని వారు పుండును దాచి పనిచేయుదురు.

3. మందుల అట్టపై ఎఱ్ఱగీత యున్నచో వైద్యుని చీటి లేక కొనరాదని చాటించవలెను. వైద్యుడు చెప్పిన దినములన్నియు మందు వాడవలెను.

4. మధుమేహులు చేలలో చెప్పులు లేక నడువరాదనియు, ప్రతిరాత్రి పాదములు చూచుకొనవలెననియు గ్రామసభలో చెప్పవలెను.

ట్యాంకు గోడ రుద్దించు శ్రద్ధ కాలిపుండుపైన కూడ చూపినచో, ప్రతి గ్రామమునను కొన్ని కాళ్లు నిలుచును.