చేప కడుపులో బద్దె పురుగు: దేనికి భయపడాలి?

చెరువు చేపను కోసినప్పుడు పేగులో తెల్లని నాడాలాంటి పురుగు కనబడితే చాలామంది బెదిరిపోతారు. "ఇది మా పిల్లలకూ వస్తుందా డాక్టరుగారూ?" అని అడుగుతారు. ఫిట్స్ వచ్చిన బిడ్డ తల్లి, చేపలు పెట్టినందుకే ఇలా అయిందని కుమిలిపోవచ్చు. జవాబు చెప్పాలంటే ఆ పురుగు ఏ తెగదో తెలియాలి. అందుకే ఈసారి పాఠంగా బద్దె పురుగుల వర్గీకరణను తీసుకున్నాం.

గుర్తుపట్టడం ఎలా?

బద్దె పురుగులు చదును పురుగుల్లో సెస్టోడా అనే విభాగానికి చెందినవి. వీటికి నోరు లేదు, పేగు లేదు. ఆహారాన్ని ఒంటి పైపొర ద్వారానే పీల్చుకుంటాయి. తలతో పేగు గోడను పట్టుకొని వేలాడతాయి. కనుక తల ఆకారం మొదటి గుర్తు. శరీరం ముక్కలు ముక్కలుగా ఉందా లేదా అన్నది రెండవ గుర్తు.

చెరువు చేపల్లో నాలుగు తెగలు

జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ రిజర్వాయర్ అయినా, మహబూబాబాద్ జిల్లా బయ్యారం పెద్దచెరువైనా, భూపాలపల్లి జిల్లా గణపసముద్రమైనా, మంచినీటి చేపల్లో పురుగు కనబడితే ఈ నాలుగు తెగలను గుర్తుచేసుకోవాలి.

1. కారియోఫిల్లిడియా: శరీరం ఒకటే ముక్క. మార్పు చేపలో ఉండే లైటోసెస్టస్ ఈ తెగదే. దీని గుడ్లను బురదలోని సన్నని వానపాము జాతి పురుగులు మింగుతాయి, వాటిని మార్పు తింటుంది.

2. బోత్రియోసెఫాలిడియా: తలకు రెండు గాడులు. కొర్రమీను, బొమ్మిడాయిలలో ఉండే సెంగాకు తల కొనపై కొక్కేలు కూడా ఉంటాయి. బంగారుతీగ, గడ్డిచేపల పిల్లలను చంపే ఆసియా బద్దె పురుగూ ఈ తెగదే. నీటిలోని సైక్లాప్స్ వంటి చిన్న జీవుల ద్వారా చేపలోకి చేరుతుంది.

3. ఆంకోప్రోటియోసెఫాలిడియా: తలకు నాలుగు చూషకాలు. వాలుగలోని గాంజీసియా దీనికి ఉదాహరణ.

4. డైఫిల్లోబోత్రీడియా: చేపలో ఉండేది పిల్ల దశ మాత్రమే. పేగులో కాక పొట్ట ఖాళీలో కనబడే లిగ్యులా చేపలు తినే పక్షుల్లో పెద్దదవుతుంది.

మొదటి మూడు తెగల పురుగులు చేపలోనే పెరిగి పెద్దవవుతాయి. మనిషి పేగులో కాపురం పెట్టవు. నాల్గవ తెగలోనే మనిషికి పట్టే చేప బద్దె పురుగు ఉంది. అది చల్లని దేశాల సరస్సుల చేపలను పచ్చిగా తినేవారికి వస్తుంది. బి12 విటమిన్‌ను లాగేసి కొందరిలో రక్తహీనత తెస్తుంది. మన దేశంలో చాలా అరుదు. పాత పుస్తకాలు రెండవ, నాల్గవ తెగలను కలిపి సూడోఫిల్లిడియా అన్నాయి. 2008లో శాస్త్రవేత్తలు వీటిని విడదీశారు.

మరి ఫిట్స్ ఎందుకు?

చేప వల్ల కాదు. ఫిట్స్ తెచ్చే బద్దె పురుగు టీనియా సోలియం. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవారి పేగులో ఇది పెరుగుతుంది. వారి మలంలోని గుడ్లు నీటి ద్వారా, పచ్చి కూరగాయల ద్వారా, కడగని చేతుల ద్వారా మరొకరి నోటికి చేరితే, పిల్ల పురుగులు మెదడులో తిత్తులు కడతాయి. కనుక మాంసం ముట్టని ఇంట్లోనూ ఈ జబ్బు రావచ్చు. ఫిట్స్‌కు వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి స్కానింగ్ చేసి తేల్చుకోవాలి.

మనం చేయవలసినవి

* చేపను, మాంసాన్ని లోపలిదాకా ఉడికించాలి. బాగా ఉడికిన చేపలో ఏ పురుగూ బ్రతకదు.
* చేప పేగులను చెరువులో వేయకుండా పూడ్చిపెట్టాలి. కుక్కలకు, పిల్లులకు పచ్చిగా వేయరాదు.
* మరుగుదొడ్డి వాడాలి. వంటకు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి.
* మలంలో తెల్లని చదునైన ముక్కలు కనబడితే ఆసుపత్రికి రావాలి. ఫిట్స్ ఉన్నవారు సొంతంగా పురుగుల మందు కొని మింగకూడదు. మెదడులో తిత్తులుంటే కొన్ని మందులతో ఫిట్స్ ఎక్కువ కావచ్చు.

నేర్చుకున్నది చూసుకుందాం

1. మార్పు చేపలోని లైటోసెస్టస్‌ను ఏ గుర్తుతో పోలుస్తారు?
2. సెంగా, గాంజీసియా తలల మధ్య తేడా ఏమిటి?
3. మాంసం తినని బిడ్డ మెదడులోకి టీనియా ఎలా చేరుతుంది?

మూడవ ప్రశ్న జవాబును మీ పొరుగువారికి తప్పక చెప్పండి. చేపను నిందించి చేతులు కడగడం మరచిపోతే, జబ్బు ఇంట్లోనే ఉండిపోతుంది.