బ్రహ్మంగారు – సిద్ధయ్య

మన చిక్కబళ్ళాపురం దగ్గర స్కందగిరి అనే కొండ ఉంది. దాని పాదాన పాపఘ్ని మఠం ఉంది. వీరబ్రహ్మం చెప్పిన మాటలను పెద్దలు తలచుకోవడం మీరు వినే ఉంటారు. ఆ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బాల్యం ఈ మఠంలోనే గడిచిందని చెబుతారు. ఆయన పదిహేడవ శతాబ్దానికి చెందినవారని పలువురి అభిప్రాయం.

పసితనంలోనే కన్నవారికి దూరమైన ఆ బాలుని వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ దంపతులు పెంచి పెద్దచేశారు. పెంపుడు తండ్రి మరణించిన తరువాత బ్రహ్మంగారు తల్లి వద్ద సెలవు తీసుకొని దేశాటనకు బయలుదేరారు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాశారు. ఆవులు మేస్తుండగా రవ్వలకొండ గుహలో కూర్చొని కాలజ్ఞానం రాశారట. తరువాత కడప జిల్లాలోని కందిమల్లాయపల్లె చేరి, వడ్రంగం చేసుకుంటూ, గోవిందమ్మను పెండ్లాడి సంసారిగా జీవించారు. చేతిపనిని ఆయన ఏనాడూ చిన్నచూపు చూడలేదు.

ఆయన బోధలు విని ముడుమాల గ్రామానికి చెందిన ఒక దూదేకుల యువకుడు శిష్యుడుగా చేరాడు. అతడే సిద్ధయ్య. ముస్లిం ఇంట పుట్టిన బిడ్డ హిందూ గురువును ఆశ్రయించడం తల్లిదండ్రులకు బాధ కలిగించింది. ఫిర్యాదు నవాబు వరకు వెళ్ళింది.

నవాబు ఎదుట సిద్ధయ్య సలాము చేయలేదు. కారణమడిగితే, తన సలామును గురువు తప్ప ఇతరులు భరించలేరన్నాడట. పరీక్ష కోసం ఒక బండరాయిని చూపగా, దానికి సలాము చేసిన వెంటనే అది పగిలిపోయిందని జనం కథగా చెప్పుకుంటారు. అధికారానికి లొంగక, గురువుపై నిలిచిన నమ్మకమే ఈ కథలోని సారం.

సమాధిలో ప్రవేశించే సమయం వచ్చినప్పుడు, సిద్ధయ్య ఆ ఎడబాటు చూసి తట్టుకోలేడని బ్రహ్మంగారు అతనిని పూలకోసం బనగానపల్లెకు పంపారు. తిరిగి వచ్చేసరికి గురువు లేరు. సిద్ధయ్య గుండె పగిలేలా విలపించాడు. అప్పుడు గురువు దర్శనమిచ్చి ఓదార్చి, పాదుకలు, దండం, కమండలం, ముద్రిక ఇచ్చారని ప్రతీతి. కులమతాలు చూడక, యోగ్యతను చూసి ఇచ్చిన గుర్తులవి.

నేటికీ కందిమల్లాయపల్లెలోని బ్రహ్మంగారి మఠానికి, ముడుమాలలోని సిద్ధయ్య మఠానికి భక్తులు వెళుతుంటారు. మన ప్రాంతంలోనూ ఇటువంటి చోట్లు ఉన్నాయి. చింతామణి తాలూకాలోని మురుగమల్ల దర్గాకు హిందువులు, ముస్లింలు కలసి వస్తారు. అదే తాలూకాలోని కైవారంలో నారేయణ తాతయ్య తెలుగులోనూ కీర్తనలు రచించారు.

పక్కింటివారి పండుగను మన పండుగగా చూడగలిగితే, సిద్ధయ్య కథ మనకు అర్థమైనట్లే.

పదాలు – అర్థాలు
దేశాటన : ఊరూరు తిరగడం
ప్రతీతి : జనంలో ఉన్న నమ్మకం
ముద్రిక : ఉంగరం
యోగ్యత : అర్హత

ప్రశ్నలు
1. బ్రహ్మంగారు బనగానపల్లెలో ఏ పని చేశారు?
2. సిద్ధయ్య తల్లిదండ్రులు ఎందుకు బాధపడ్డారు? వారి బాధను మీరెలా అర్థం చేసుకుంటారు?
3. బండరాయి కథలోని సారమేమిటి?
4. సిద్ధయ్యను పూలకోసం పంపడంలో గురువు మనసు ఎలాంటిదో తెలుపండి.
5. మీ ఊరిలో అన్ని మతాలవారు కలసి వెళ్ళే చోటు గురించి పెద్దలనడిగి ఐదు వాక్యాలు రాయండి.